ఎండుచేపల మీద ఎర్రగుర్తు

పేరేం పెడదాం మామా, అన్నాడు దీనబంధు.
నా ఫోను వాడి చేతిలో, వాడి చెమట నా బెంచీ మీద.
ఇరవై రెండేళ్లు బరువులెత్తినవాణ్ణి,
నా పేరు నేనెత్తడానికి ఇంత జంకేమిటో.
కూర్మారావు, అన్నాను.
అది చాలదట. వెనక ఏదో ఒకటి తగిలించాలట,
ఫిట్‌నెస్ అనో, స్టూడియో అనో.
ఉన్నది పాత బరంపురంలో రేకుల షెడ్డు,
నాన్న మగ్గం గుంట పూడ్చి సిమెంటు పోసిన నేల.
బరువు దించినప్పుడల్లా
ఆ గుంట ఉన్నచోట మాత్రం
చప్పుడు వేరుగా వస్తుంది.

భాష సంగతీ తేలలేదు.
ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా,
బనీను విప్పి అద్దం ముందు నిలబడేవాళ్లకి హిందీ.
ఊపిరి బిగబట్టకండి అని
కెమెరాకి మూడు భాషల్లో చెప్పాను.
మూడోసారికి నాకే ఊపిరాడలేదు.
నలభైమంది చూశారు,
అందులో పదకొండుమంది
ఛత్రపురంలో మా చెల్లెలి అత్తవారు.

మునుపటి ఫొటో, తరవాతి ఫొటో కావాలన్నాడు.
ఠాకురాణీ జాతరకి ఒళ్లంతా పసుపురంగు పూసుకుని
పులివేషం కట్టిన ఫొటో ఒకటుంది, పద్దెనిమిదేళ్లప్పటిది.
ఇది మునుపటిదా, తరవాతదా?
చెప్పలేకపోయాను.
ఆ నడుమూ లేదు, ఆ పులీ లేదు.

లోలాక్షి టీచరుగారున్నారు.
గోడ పట్టుకుని వచ్చిన మనిషి
ఆర్నెల్లకి నేలమీద కూచుని, చెయ్యి ఊనకుండా లేచారు.
ఆవిణ్ణి ఫొటో అడగడానికి నోరు రాలేదు.
అడిగినా చూపడానికేముంది,
కూచున్నారు, లేచారు.
అంతేనా, అన్నాడు దీనబంధు.
వాడికి పంతొమ్మిదేళ్లు, ఇంకా మోకాళ్లు లేవు.

అసలు కథ మ్యాపులో జరిగింది.
షెడ్డు మీద ఎర్రగుర్తు గుచ్చరా అంటే
వాడి బొటనవేలు వెడల్పు,
మూడు సందులవతల ఎండుచేపల కొట్టు మీద పడింది.
మర్నాటినించి ఫోన్లు.
నెత్తళ్లు కిలో ఎంత? సావిడాయిలు దిగాయా?
ఒకాయన నాకు చుక్కలు కూడా ఇచ్చాడు, ఐదుకి ఐదు,
సరుకు మంచిది, ఇసక లేదు, అని.
కండల కోసం బయల్దేరిన కుర్రాళ్లు
బుట్టల మధ్య ముక్కు మూసుకుని నిలబడి
ట్రైనరెక్కడ అని అడిగారట.

కొట్టు పోలమ్మది, గోపాల్‌పూర్ రేవు మనిషి.
అడిగినవాణ్ణల్లా తనే పంపింది నా దగ్గరికి,
"ఎడంపక్కకి మళ్లి
ఇనప సప్పుడు ఇనబడీదాకా నడు."
తొమ్మిదోరోజు తనే వచ్చింది, కుచ్చెళ్లు దోపుకుని.
"నీ మనుసులకి దారి సెప్పీ సెప్పీ నోరు పోనాది.
నడుం ఎప్పుడో పోనాది."

ముప్పై కిలోల బుట్ట, నలభై ఏళ్లు.
ఎత్తడం వాళ్లమ్మ నేర్పింది.
దించడం ఎవరూ నేర్పలేదు.
ఖాళీ కడ్డీ చేతికిచ్చాను.
రెండు చేతులా బుట్టలుంటే
వెనకనున్న తలుపు ఎలా తోస్తావు, అన్నాను.
నవ్వి, తుంటితో తోసింది.
కడ్డీ దిగింది,
సరిగ్గా మగ్గం గుంట మీద,
చప్పుడు లేకుండా.

మాకు తెలీకుండా తీశాడు దీనబంధు.
పదకొండు సెకన్లు. ముఖం పడలేదు.
పెట్టమంటావా, అని అడిగాను పోలమ్మని.
మళ్లీ చూపించమంది. ఇంకోసారి.
ఫోను కళ్లకి దగ్గరగా, దూరంగా పట్టుకుని
"నా ఈపు నానెప్పుడూ సూళ్లేదు" అంది.
కాసేపాగి,
"ఎట్టు. కింద నెత్తళ్ల రేటు రాయి."

గుర్తు సరిచెయ్యడం రెండు నిమిషాల పనేనట.
రోజూ అంటాడు దీనబంధు.
రేపు చూద్దాంలేరా అంటాను,
చొక్కాకి ఉప్పుచేప వాసన పట్టించుకుని
గుమ్మంలో నిలబడ్డ కొత్త కుర్రాడికి
చెప్పులు ఎక్కడ విడవాలో చూపిస్తూ.